చువ్వల మీద నలుపు

ఫిబ్రవరి 9

మొండికి,

నీ ఉత్తరం వచ్చింది. పోస్టుమాన్ చదివిపెడతానన్నాడు. నా చెల్లెలి ఉత్తరం నీకెందుకురా అని లాక్కున్నాను. పొద్దు గూకేదాకా పట్టింది గానీ నేనే చదివాను. నా అక్షరాలు కోడి కెలికినట్టున్నాయని రాశావు. నేను బడికి ఎన్నాళ్ళు వెళ్ళానో నీకూ తెలుసు. చదవగలిగినంత చదువుకో, మిగిలింది ఊహించుకో.

బావ పోయాక ఇక్కడికి వచ్చెయ్యమన్నాను. వెనక గదికి సున్నం కూడా వేయించాను. ఎవరింట్లోనూ మూల కూర్చోనన్నావు. పడవలు బాగుచేసే యార్డు గేటు దగ్గర ఎవడో వదిలేసిపోయిన కొట్టు పట్టుకుని, చేపలూ మొక్కజొన్న పొత్తులూ కాల్చి అమ్ముకుంటానంటున్నావు. అరవై దాటినదానివి. పొగలో నిలబడి కళ్ళు పోగొట్టుకుంటానంటే నేనేం చెయ్యను? రమ్మని ఒక్కసారే చెబుతాను, మళ్ళీ చెప్పను. ఇప్పుడు చెప్పింది లెక్కలోకి రాదు.

ఇక నువ్వడిగిన సంగతి. పాత కొట్టువాడు చేపలు కాల్చిన ఇనుప జాలీ తుప్పు పట్టిందనీ, చేపని తిరగేస్తే ఒంటిమీద ఎర్ర చారలు కనిపిస్తున్నాయనీ రాశావు. దాన్ని పారెయ్. తుప్పుకి మందుంది గానీ, అది సన్న చువ్వలు అతికించిన రకం. అతుకు సందుల్లో దూరిన తుప్పు ఏం చేసినా పోదు. పోత ఇనుముది కొను. బతుకంతా నేను అచ్చుల్లో పోసింది ఆ ఇనుమే. దాని గుణం నాకు ఇంకొకడు చెప్పనక్కర్లేదు.

షాపుకి వెళ్ళి ముందు ఎత్తి చూడు. భుజం లాగాలి. తేలిగ్గా లేచిందంటే అక్కడే పెట్టేసి వచ్చెయ్. చువ్వలు నీ బొటనవేలంత లావుండాలి. లావు చువ్వ వేడి పట్టుకుంటుంది, చేప అంటుకోదు. సన్నదానికి మంట తగిలినప్పుడొక బుద్ధి, తగ్గినప్పుడొక బుద్ధి. తర్వాత దానికి తాడు కట్టి వేలాడదీసి చిన్న సుత్తితో ఒక దెబ్బ కొట్టు. గంటలా మోగితే మంచిది. చచ్చిన మోత వస్తే లోపల పగులుంది. షాపువాడు నవ్వితే నవ్వనీ.

కొన్నాక నీళ్ళలో నానబెట్టకు. వేడి మీద ఉండగా చన్నీళ్ళు పొయ్యకు, టప్పుమని రెండు ముక్కలవుతుంది. సబ్బు వద్దు. పని అయ్యాక వేడి ఆరకముందే బ్రష్షుతో గీకి, నూనె గుడ్డతో తుడువు. పల్చగా. కారిందంటే ఎక్కువైనట్టు. మీది ఉప్పుగాలి. ఒక్కరోజు బద్ధకించినా తెల్లారేసరికి ఎర్రగా అయిపోతుంది.

దగ్గు అలాగే ఉంది. నువ్వడగలేదు, నేనే చెబుతున్నాను.

అన్న


ఫిబ్రవరి 20

అన్నయ్యా,

దగ్గు గురించి పోయిన ఉత్తరంలో అడిగాను. మూడో పేజీలో. అక్కడిదాకా చదివే ఓపిక నీకు లేకపోతే నా తప్పా?

జాలీ కొన్నాను. నువ్వు చెప్పినట్టే తాడు కట్టి వేలాడదీయమంటే షాపులో అందరూ పని మానేసి నన్నే చూశారు. "ఏమ్మా, పొయ్యి మీదకి జాలీ కొంటున్నావా, గుళ్ళో గంట కొంటున్నావా?" అన్నాడు షాపాయన. "మోగితే డబ్బులిస్తాను, మోగకపోతే నువ్వే కట్టుకో" అన్నాను. కొడితే ఎంత బాగా మోగిందో! ఆయనే ఆశ్చర్యపోయి ఇంకోసారి కొట్టి చూసుకున్నాడు. బరువుంది. చువ్వలు లావుగా ఉన్నాయి. నల్లగా, నున్నగా మొహం కనిపించేంతగా మెరుస్తోంది. దాని గురించి షాపాయన చాలా గొప్పలు చెప్పాడు. అవన్నీ రాసి నీ కోపం పెంచడమెందుకులే.

కొట్టు మొదలైంది. గేటు తెరిచేసరికి బొగ్గులు రాజెయ్యాలి. మొదటి బేరం ఎప్పుడూ క్రేను నడిపే ఆయనదే. బాన పొట్ట, చిన్న గొంతు. "నిప్పులక్కా, ఇవాళ చేప నిన్ను చూసి భయపడి చచ్చిందా, నిప్పుని చూసి చచ్చిందా?" అంటాడు. ఆయన అలా పిలిచేసరికి అందరూ అదే పేరు పట్టుకున్నారు. యార్డులో నన్నిప్పుడు ఫలానావాడి పెళ్ళాం అని ఎవరూ అనరు. నిప్పులక్క అంటారు.

గది సంగతి రాశావు. కోపం తెచ్చుకోకు. చిన్నప్పుడు అమ్మ వంటింట్లో చేశాను. అమ్మ పోయాక నా పెళ్ళయ్యేదాకా నీ వంటింట్లో, ఆ తర్వాత అత్తగారి వంటింట్లో చేశాను. ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టాలో కూడా ఎప్పుడూ ఇంకొకరే చెప్పారు. రోడ్డు పక్కదైనా, రేకుల కప్పుదైనా ఈ పొయ్యి ఒక్కటే నాది. ఇది నిలబడితే చాలు, నేనింకేమీ అడగను.

దగ్గుకి మందు వేసుకో. వేసుకున్నానని రాయి.

నీ చెల్లెలు


మార్చి 1

మొండికి,

నల్లగా మెరుస్తోందా? మొహం కనిపిస్తోందా? అయితే నిన్ను మోసం చేశారు.

పోత ఇనుము పుట్టుకతో మెరవదు. అచ్చులోంచి తీసినప్పుడు బూడిద రంగులో, ఇసుక అంటుకుని, ఏనుగు తోలులా ఉంటుంది. మెరిసిందంటే ఎవడో ఏదో దాచాడు. మా ఫౌండ్రీలో ఒక మేస్త్రీ ఉండేవాడు. పోతలో గాలి చిక్కి గుంటలు పడితే, మళ్ళీ కరిగించడానికి మనసొప్పక, ఇనుప రజనూ లక్కా కలిపి గుంటలు పూడ్చేవాడు. పైన నల్లరంగు కొట్టి ఎండబెట్టేవాడు. చూడ్డానికి పెళ్ళికి ముస్తాబైనట్టుండేది. నిప్పు మీద పెట్టగానే లక్క కారి కంపు కొట్టేది. వాడితో ఈ సంగతి మీద కొట్టుకున్నాను. పై పన్ను ఒకటి అప్పుడే పోయింది. వాడివి రెండు పోయాయి.

అందుకని చెబుతున్నాను. ఆ నలుపంతా గీకెయ్. ఇటుక ముక్క, ఉలి, గరుకు కాగితం, ఏది దొరికితే దాంతో. అసలు ఇనుము బూడిద రంగులో బయటపడేదాకా వదలకు. తర్వాత కడిగి, తడి దానంతటది ఆరేదాకా ఆగకుండా వెంటనే మంట మీద పెట్టు. గోరువెచ్చగా ఉన్నప్పుడు నూనె రాసి, రాసిందంతా తుడిచెయ్. తుడిచాక కూడా కంటికి కనపడనంత మిగులుతుంది, అదే కావాలి. పొగ ఆగేదాకా కాల్చు. చల్లారాక మళ్ళీ రాయి, మళ్ళీ కాల్చు. అలా నాలుగైదుసార్లు చేస్తే దానికి సొంత నలుపు ఎక్కుతుంది. అది రంగు కాదు, తోలు. దాన్ని దాటి తుప్పు రాదు.

నిప్పులక్క పేరు బాగుంది. ఆ క్రేనువాడికి అరువు పెట్టకు.

మందు వేసుకున్నాను. చేదుగా ఉంది.

అన్న


మార్చి 15

అన్నయ్యా,

గీకాను. సెలవురోజంతా కొట్టు ముందు గోనె పరుచుకుని కూర్చుని గీకాను. మణికట్టు వాచింది. ఇంకో చెయ్యి వేసేవాళ్ళు లేరు.

షాపాయన గీకొద్దనే చెప్పాడు. మొదలుపెట్టేముందు ఆ మాట గుర్తొచ్చి ఉలి పట్టుకుని చాలాసేపు ఊరికే కూర్చున్నాను. ఆయన అమ్ముకునేవాడు, నువ్వు పోసినవాడివి. ఎవరి మాట వినాలి? నీ మాటే విన్నాను.

ఒకటి అడగాలి. రంగు పొడిపొడిగా రాలుతుంది కదా? ఇది పెచ్చులు పెచ్చులుగా లేస్తోంది. ఉలి పెట్టి కొడితే టిక్కుమని ఎగిరి పడుతోంది. చూపుడు వేలు తెగింది. పైభాగమంతా వచ్చింది, నువ్వన్న బూడిద రంగు కనిపించింది. కానీ చువ్వల పక్కలూ, అడ్డపట్టీ కలిసే మూలలూ ఎంత గీకినా వదల్లేదు. అక్కడి నలుపు అలాగే ఉండిపోయింది. దాన్ని ఏం చెయ్యను? దానిమీదే నూనె కాల్చనా, ఇంకా కొట్టనా? నువ్వు చెబితే అలా చేస్తాను. వచ్చే నెల మొదటి సోమవారం నుంచి రెండు పడవలు ఒకేసారి యార్డులోకి వస్తున్నాయట, మనుషులు రెట్టింపవుతారట. ఈలోపు జాలీ సిద్ధం కావాలి. ప్రస్తుతానికి పాతదే తోమి వాడుతున్నాను. ఎర్ర చారలు కనపడకుండా చేపని ఆకుల్లో చుట్టి ఇస్తుంటే క్రేనాయన "ఏంటక్కా, చేపకి సిగ్గేస్తోందా?" అన్నాడు.

త్వరగా రాయి.

నీ చెల్లెలు


మార్చి 19

మొండికి,

వెంటనే రాస్తున్నాను, అందుకే పొట్టిగా.

గీకొద్దన్నాడా? అనడూ మరి! గీకితే వాడి దొంగతనం బయటపడుతుంది కదా. ఆ ఒక్క మాటతోనే నాకు తెలిసిపోయింది. మందంగా పట్టించి బట్టీలో ఎండబెట్టిన రంగు అలాగే పెచ్చులు లేస్తుంది. మిగిలింది వదిలెయ్. మంటకి అదే పోతుంది. నూనె రాసి కాల్చి పనిలో పెట్టు.

వేలికి పసుపు పెట్టు.

ఇంత కష్టపడుతున్నావు గానీ, వానలు పడితే గేటు ముందు నిలబడేదెవరు? ఎలాగూ వానాకాలానికి ఇక్కడికి వచ్చేస్తావు. గదికి పైకప్పు కారుతుంటే పెంకులు మార్పించాను. కిటికీ పక్క గూడు కూడా కట్టించాను, నీ సామాన్లకి.

అన్న


ఏప్రిల్ 10

అన్నయ్యా,

నువ్వన్నట్టే మంటకి పోయింది. పోయి చేపలో పడింది.

సోమవారం బాగా జరిగింది. మంగళవారం కూడా. నీకు మంచి ఉత్తరం రాద్దామని మనసులో మాటలు కూడా అనుకున్నాను. బుధవారం మధ్యాహ్నం గేటు ముందు జనం కిక్కిరిసి ఉన్నారు. క్రేనాయన చేప కొరికి మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయాడు. ఏదో జోకు వేస్తాడనుకుని నేను నవ్వబోయాను. ఆయన నోట్లో వేలు పెట్టి చూసుకుంటే వేలంతా రక్తం. అరచేతిలో ఉమ్మాడు. నల్లటి పెచ్చు, చేప పొలుసంత. అంచు కత్తిలా ఉంది. చిగురూ నాలుకా తెగాయి.

"ఏం కాలేదక్కా" అన్నాడు. అంటుంటే గడ్డం మీద నుంచి రక్తం కారుతోంది. చుట్టూ ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే ప్లేట్లు కింద పెట్టేశారు. ఒక వెల్డరు అప్పటికే సగం తిన్నాడు. తన కడుపులోకి కూడా వెళ్ళిందేమోనని ఆస్పత్రికి పరుగెత్తాడు. వాడికేం కాలేదు. కానీ వాడు పరుగెత్తడం అందరూ చూశారు. గేటు సూపర్‌వైజరు వచ్చి బొగ్గుల మీద తన చేత్తోనే బకెట్టు నీళ్ళు పోశాడు.

మర్నాడు ఆ జాలీ ఎత్తుకుని షాపుకి వెళ్ళాను. షాపాయన కేకలు వేస్తాడనుకున్నాను. తల పట్టుకున్నాడు. "అమ్మా, ఇది రంగు కాదు, ఇనుము మీద పింగాణీ పూత అని చెప్పాను కదా. తుప్పు రాకుండా గాజు కరిగించి పోస్తారు, గీకితే పెళ్ళలు లేస్తాయి, గీకొద్దని చెప్పాను కదా. నీకెవరు చెప్పారు గీకమని?" అన్నాడు. మా అన్నయ్య అని చెప్పలేదు. నేనే గీకానన్నాను.

ఇంటికొచ్చి నీ ఉత్తరం మళ్ళీ తీశాను. "ఎలాగూ వానాకాలానికి ఇక్కడికి వచ్చేస్తావు." పెంకులు మార్పించావు. గూడు కట్టించావు. నా కొట్టు నిలబడదని నీకు మొదటినుంచీ అంత నమ్మకం ఎలా వచ్చింది? ఇన్నేళ్ళు ఇనుము పోసినవాడివి, ఏది రంగో ఏది గాజో తెలియదా? తెలిసే గీకమన్నావా అన్నయ్యా? నేను వచ్చి ఆ గదిలో కూర్చోవాలని?

నీ చెల్లెలు


ఏప్రిల్ 17

తెలిసే గీకమన్నానా?

ఆ మాట రాయడానికి నీకు చెయ్యెలా వచ్చింది? నా తోడబుట్టినదానివి కాబట్టి ఇంకొకసారి చదివాను, తప్పు చదివానేమోనని. తప్పు చదవలేదు.

పింగాణీ పూత అని ఒక్క ముక్క రాశావా నువ్వు? "షాపాయన గొప్పలు చెప్పాడు, అవి రాసి నీ కోపం పెంచడమెందుకు" అన్నావు. ఆ గొప్పలే అసలు సంగతి! పచ్చి పోత ఇనుము కొనమన్నాను. నువ్వు గాజు తొడిగింది కొని, అది నా దగ్గర దాచి, దాన్నెలా బాగుచెయ్యాలో నన్నే అడిగావు. నేనిక్కడ కూర్చుని నీ మాటల్ని బట్టి ఇనుము చూడాలి. నువ్వు చూపించిన ఇనుము ఒకటి, నీ ముందున్న ఇనుము ఒకటి. నేను పనిచేసిన రోజుల్లో ఎవడూ ఇనుముకి గాజు పొయ్యలేదు. ఇప్పుడు పోస్తారని నాకెవడు చెప్పాలి?

నా గదిలోకి రప్పించుకోవడానికి నీ పొయ్యి ఆర్పుతానా? ఇంకొకడు అని ఉంటే వాడి గుమ్మం తొక్కేవాణ్ణి కాదు.

క్రేనువాడికి ఎలా ఉందో రాయి.

అన్న


మే 3

అన్నయ్యా,

క్రేనాయనకి కుట్లు వేశారు. జావ తాగుతున్నాడట. చూడ్డానికి వెళితే వాళ్ళావిడ తలుపు తీసి "ఆయన పడుకున్నారు" అంది. లోపల రేడియోకి ఆయన గొంతు కలిపి పాడుతున్నాడు. నేను తెచ్చిన పళ్ళు గుమ్మం దగ్గర పెట్టి వచ్చేశాను.

నిజమే, దాచాను. ఉప్పుగాలికి పచ్చి ఇనుము నిలవదు, ఇది తీసుకో, తుడిస్తే చాలు అని షాపాయన అంటే నాకు ఆశ పుట్టింది. రోజూ గీకి, ఆరబెట్టి, నూనె రాసే బాధ తప్పుతుందనుకున్నాను. కొన్నాక భయమేసింది. చెప్పినదేదీ విననిదానివి నన్నెందుకడిగావు అంటావని. నీ చేత మెప్పు పొందాలని ఈ వయసులో కూడా ఇంత కక్కుర్తి ఏమిటో నాకే తెలియదు. నువ్వు రంగు అని రాయగానే, షాపాయనే అబద్ధమాడి ఉంటాడనుకున్నాను. నీకంటే వాడికి ఎక్కువ తెలుసని అనుకోవడానికి మనసొప్పలేదు.

సూపర్‌వైజరు మళ్ళీ పెట్టుకోమన్నాడు, కొత్త జాలీ తెస్తేనే. "చూసి చేత్తో తడిమాకే నిప్పు రాజెయ్యనిస్తాను" అన్నాడు. ఇంకో జాలీ కొనే శక్తి నాకు లేదు. ఒంట్లోనూ లేదు, చేతిలోనూ లేదు. కొట్టు ముందు ఊరికే కూర్చుంటున్నాను. గేటులోంచి వచ్చేవాళ్ళు అవతలి పక్కనుంచి నడిచి వెళుతున్నారు. నిప్పులక్కా అని ఎవరూ పిలవడం లేదు. తల దించుకుని పోతున్నారు, వాళ్ళే ఏదో తప్పు చేసినట్టు.

వస్తున్నాను. నెలాఖరుకి కొట్టు యార్డువాళ్ళకి అప్పగించేస్తాను. నువ్వు గెలిచావు. మంచం ఎటు తల పెట్టి వేసినా నాకు ఒకటే. ఉప్పు డబ్బా ఎక్కడుందో వచ్చాక చూపించు.

నీ చెల్లెలు


మే 22

మొండికి,

జవాబు ఆలస్యమైంది. పనిలో ఉన్నాను.

నీ ఉత్తరం చదివి ఫౌండ్రీకి వెళ్ళాను. ఇప్పుడక్కడ డ్రైనేజీ మూతలు తప్ప ఏమీ పొయ్యడం లేదు. నాతో పనిచేసినవాళ్ళలో కొలిమి చూసే ముసలాడు ఒక్కడే మిగిలాడు. "ఏరా, చావడానికి ఇంతకంటే చల్లటి చోటు దొరకలేదా?" అన్నాడు. అచ్చు నేనే కట్టాను. చెక్కతో జాలీ నమూనా చేసి, ఇసుక తడిపి, దిమ్మిసతో గట్టిగా కొట్టి. మోకాళ్ళ మీద కూర్చుంటే లేవడానికి వాడు చెయ్యిచ్చాడు. ఇసుక దుమ్ముకి దగ్గు తెగలేదు. మొదటి పోత పాడయింది. తొందరపడి చల్లారకముందే అచ్చు పగలగొట్టాను, చువ్వ విరిగింది. కొత్తగా చేరినవాడు చేసే తప్పు. రెండోది బాగా వచ్చింది. మోగించి చూశాను.

లారీ ఆఫీసులో వేశాను, గోనె చుట్టి. దానిమీద రంగూ లేదు, పూతా లేదు. సూపర్‌వైజర్ని ఎంత తడమాలంటే అంత తడమనీ. దారిలోనే కాస్త తుప్పు పడుతుంది, భయపడకు. ఇటుక పొడితో తోమితే పోతుంది. కడిగిన వెంటనే మంట మీద ఆరబెట్టు, గుడ్డతో తుడిచి ఆరిందనుకోకు. నూనె కాల్చడం ముందే రాశాను. ఆ ఉత్తరంలో ఆ ముక్కొక్కటే పట్టించుకో, మిగిలింది చింపెయ్. పులుపు పట్టించిన చేప కాల్చిన రోజు ఆ పులుపు నలుపుని తింటుంది, ఆ రోజు ఇంకోసారి నూనె రాయి. వాడని రోజు ఉన్నా సరే, ఒకసారి వేడి చేసి పెట్టు.

మిగిలింది మంటకి పోతుందని రాశాను కదా. రాయకుండా ఉండాల్సింది.

ఇక్కడికి రాకు.

వెనక గది రైల్వే గార్డు ఒకడికి అద్దెకిచ్చాను. పెట్టె దించుకున్నాడు. గూట్లో వాడి దీపాలు పెట్టుకున్నాడు. నువ్వొచ్చినా ఉండడానికి చోటు లేదు.

నువ్వొస్తే నాకు బాగుంటుంది. వంట చేసిపెడతావని కాదు. ఈ ఇంట్లో పొద్దున్నుంచి మాట వినపడదు. నేను దగ్గితే అది ఒక్కటే మోత. ఆ సంగతి నీకు తెలుసు. తెలుసు కాబట్టే, నిన్ను రప్పించుకోవడానికి కావాలని చేశానన్నావు. ఆ అనుమానం మనసులో పెట్టుకుని, ఓడిపోయి వచ్చి, నా కంచంలో నువ్వు ముద్ద తినకూడదు. నేను చూడలేను. అక్కడే ఉండు. నిప్పు రాజెయ్.

అన్న


జూన్ 14

అన్నయ్యా,

జాలీ అందింది. లారీ ఆఫీసు నుంచి తోపుడుబండి మీద తెచ్చుకున్నాను. ఎర్రగా ఉంది, తోమాను. ఆరబెట్టాను. అయిదుసార్లు నూనె కాల్చాను. వేలాడదీసి కొట్టాను. షాపులోదాని కంటే లోతుగా మోగింది. సూపర్‌వైజరు ఒక్కొక్క చువ్వా గోటితో గీకి చూసి సరే అన్నాడు.

మొదటి రోజు ఎవరూ రాలేదు. రెండో రోజు క్రేనాయన వచ్చాడు. చేప అడిగాడు. నేను ఇవ్వనన్నాను. "కుడి పక్క తెగింది, ఎడమ పక్కతో తింటాలే నిప్పులక్కా" అన్నాడు. అందరూ చూస్తుండగా అక్కడే నిలబడి ఆఖరి ముల్లు దాకా తిన్నాడు. ఆ తర్వాత జనం మెల్లమెల్లగా వస్తున్నారు. మునుపటంత కాదు. వచ్చినవాళ్ళు కూడా చేపని వెలుగులోకి ఎత్తి తిప్పి చూసుకుని తింటున్నారు. చూసుకోనీ. కొట్టు నడుస్తోంది.

నీ ఉత్తరం గురించి. కడుపు మండి ఒక్క మాట అన్నాను. అన్నకి కాక ఎవరికి రాస్తాను ఆ మాట? నెలన్నర దాన్ని పట్టుకుని కూర్చుని, నేను దిక్కులేక వస్తానంటే, గది ఇంకొకడికి ఇచ్చేశానని రాశావు. అడగనైనా అడగలేదు. జాలీ పంపితే సరిపోతుందనుకున్నావు. నీ ఇనుము మీద ఒక్క గుంట లేదు అన్నయ్యా, చాలా బాగా పోశావు. నా కోసం నీ తలుపు మాత్రం మూసేశావు. నీకు నీ పంతమే ముఖ్యం. చిన్నప్పటి నుంచీ అంతే.

నాకిక ఎక్కడా గది లేదని తెలిశాక, పొద్దున్నే లేవడం తేలికైంది. ఆ మేలు చేశావు.

ఉత్తరాలు రాయడానికి ఇక తీరదు. గేటు తెరవకముందే బొగ్గులు రాజెయ్యాలి. మందు మానకు.

నీ చెల్లెలు


జూన్ 25

మొండికి,

ఉత్తరం అందింది. క్రేనువాడు మంచివాడు.

గది సంగతి నువ్వెలా అనుకుంటే అలాగే. గార్డు వారంలో ఎక్కువ రోజులు బండి మీదే ఉంటాడు, అలికిడి ఉండదు. దానికి జవాబుగా చాలా రాశాను. చదువుకుంటే అందులో నాకే ఒక్క మాటా నచ్చలేదు. చింపేశాను. మాటలు పొయ్యడం నాకు చేతకాదు.

రాయనన్నావు. సరే, పని చూసుకో. వానలు పడుతున్నాయి కదా, మంట ఆర్పాక జాలీని బొగ్గుల మీదే ఉంచి, పూర్తిగా చల్లారాక లోపల పెట్టు. నేల మీద పెట్టకు. గోడకి మేకు కొట్టి తగిలించు.

తుప్పు పడితే మాత్రం రాయి.

నేను చెప్పినట్టు చేస్తే పట్టదు.

అన్న